యూనివర్సిటీ ఫిజికల్ డైరెక్టర్ కావాలంటే: ఎంపీఈడీ నుంచి డైరెక్టర్ పోస్టు దాకా ఏది ముందు, ఏది తర్వాత

ఇంటర్ యూనివర్సిటీ ఆడినవాళ్లు, బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) చదువుతున్నవాళ్లు, డిగ్రీ కాలేజీలో గెస్ట్‌గా పనిచేస్తూ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు అందరూ అడిగేది ఒకటే: యూనివర్సిటీలో పీడీ (ఫిజికల్ డైరెక్టర్) పోస్టుకు వెళ్లాలంటే ఏం చేయాలి సార్? చాలామంది నెట్ (యూజీసీ జాతీయ అర్హత పరీక్ష) ఒక్కటి కొడితే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. ఈ ఉద్యోగానికి ఆట ఎంత రావాలో కాగితం పని కూడా అంతే రావాలి, ఎందుకంటే ఇక్కడ ఒక ఫారం తప్పుగా నింపితే మీకు సంజాయిషీ మెమో వచ్చేలోపే ఒక పిల్లాడి సీజన్ పోతుంది. అందుకే ఈ గైడ్‌లో సగం అర్హతల గురించి, సగం చేరాక చేయాల్సిన పని గురించి ఉంటుంది. ఇంటర్వ్యూలో అడిగేదీ ఆ రెండో సగమే.

1. ముందు ఏ పోస్టో తేల్చుకోండి

స్కూల్లో పీఈటీ, జూనియర్ కాలేజీలో పీడీ, డిగ్రీ కాలేజీలో పీడీ, యూనివర్సిటీలో పీడీ. ఊళ్లో అందరినీ పీఈటీ సార్ అనే పిలుస్తారు గానీ అర్హతలు, జీతాలు, నోటిఫికేషన్ ఇచ్చే సంస్థలు అన్నీ వేరు. డిగ్రీ కాలేజీ, యూనివర్సిటీ పోస్టులకు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 రెగ్యులేషన్స్ చూడాలి. వాటిలో మెట్లు మూడు:

- అసిస్టెంట్ డైరెక్టర్ ఆఫ్ ఫిజికల్ ఎడ్యుకేషన్ అండ్ స్పోర్ట్స్: అకడమిక్ లెవెల్ 10, మూల వేతనం 57,700 నుంచి. డిగ్రీ కాలేజీ పీడీకి కూడా ఇవే అర్హతలు.
- డిప్యూటీ డైరెక్టర్: లెవెల్ 13ఏ, 1,31,400 నుంచి.
- డైరెక్టర్: లెవెల్ 14, 1,44,200 నుంచి.

2025 జనవరిలో యూజీసీ కొత్త ముసాయిదా కూడా విడుదల చేసింది. కాబట్టి మీ చేతిలో ఉన్న నోటిఫికేషన్ ఏ రెగ్యులేషన్ కింద ఇచ్చారో మొదటి పేజీలోనే వెతకండి. ఎవరో వాట్సాప్‌లో పంపిన అర్హతల పట్టికను నమ్ముకుని ఫీజు కట్టొద్దు.

అమెరికాలో మాస్టర్స్ చేస్తున్న మనవాళ్లు కొందరు అక్కడి అథ్లెటిక్ డైరెక్టర్ ఉద్యోగం గురించి అడుగుతున్నారు. పేరు దగ్గరగా ఉన్నా అది పూర్తిగా వేరే పని. అక్కడ ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడలను నడిపే సంస్థ) డివిజన్ 1, అంటే పై స్థాయి, యూనివర్సిటీలో అథ్లెటిక్ డైరెక్టర్ అంటే కోచ్‌లను పెట్టుకోవడం, తీసేయడం, దాతల దగ్గర నిధులు తేవడం, టీవీ ఒప్పందాలు, టికెట్లు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్ (క్రీడాకారులకు చెల్లింపులపై ఎన్‌సీఏఏ మీద నడిచిన కేసులో రాజీ) తర్వాత ఒక్కో యూనివర్సిటీ 2025-26లో క్రీడాకారులకు నేరుగా సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా పంచవచ్చు. ఆ డబ్బు లెక్క చూసేదీ ఆయన ఆఫీసే. అటు వెళ్లాలనుకునేవాళ్లు స్పోర్ట్ మేనేజ్‌మెంట్ చదువుతూనే యూనివర్సిటీ అథ్లెటిక్స్ విభాగంలో కంప్లయన్స్‌లోనో, టికెటింగ్‌లోనో, ఈవెంట్స్‌లోనో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా దూరడం దారి. ఇక్కడి నుంచి చెప్పేదంతా మన దేశంలో పోస్టు గురించి.

2. చదువు: ఇక్కడ తప్పితే తర్వాత సర్దుకోవడం కష్టం

డిగ్రీ తర్వాత పీఈసెట్ (బీపీఈడీ ప్రవేశ పరీక్ష) రాసి బీపీఈడీ రెండేళ్లు, ఆ తర్వాత ఎంపీఈడీ (వ్యాయామ విద్యలో పీజీ) రెండేళ్లు. అసిస్టెంట్ డైరెక్టర్ పోస్టుకు ఎంపీఈడీ లేదా స్పోర్ట్స్ సైన్స్ పీజీలో 55 శాతం కావాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది.

ఆ 55 శాతం దగ్గరే మంచి ఆటగాళ్లు దెబ్బతింటారు. టోర్నమెంట్లకు తిరుగుతూ థియరీ పేపర్లు ఎలాగోలా గట్టెక్కిస్తారు, చివరికి 53 దగ్గర ఆగిపోతారు. ఎన్ని పతకాలున్నా అప్లికేషన్ స్క్రూటినీలోనే పక్కకు పోతుంది. ఎంపీఈడీ మొదటి సెమిస్టర్ నుంచే మార్కులు కూడుకుంటూ ఉండండి. తక్కువ పడుతున్నాయనిపిస్తే ఇంప్రూవ్‌మెంట్ అవకాశం ఉందా అని కోర్సు నడుస్తుండగానే అడగాలి, మార్కుల మెమో చేతికొచ్చాక కాదు.

ఎక్కువమంది పొరబడే ఇంకో విషయం ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా శిక్షణ సంస్థ) డిప్లొమా. పటియాలాలో చేసే ఆ డిప్లొమా కోచ్ ఉద్యోగానికి చాలా విలువైనది, పీడీగా కూడా మీకు పనికొస్తుంది, కానీ ఎంపీఈడీకి బదులు కాదు. ఎంఏ ప్లస్ ఎన్ఐఎస్ అంటూ అప్లై చేస్తే ఫీజు వృథా.

మామూలు దారి కాకుండా ఇంకొకటి ఉంది. ఆసియా క్రీడల్లోనో కామన్వెల్త్ క్రీడల్లోనో పతకం గెలిచి, కనీసం పీజీ ఉన్నవాళ్లు నేరుగా అసిస్టెంట్ డైరెక్టర్ పోస్టుకు అర్హులు. ఒలింపిక్స్, వరల్డ్ కప్, వరల్డ్ చాంపియన్‌షిప్ పతకం ఉండి పీజీ చేసినవాళ్లు డిప్యూటీ డైరెక్టర్ పోస్టుకే అర్హులు. మీ దగ్గర శిక్షణ పొందే పిల్లల్లో ఆ స్థాయికి వెళ్లేవాళ్లుంటే చదువు మధ్యలో వదిలేయొద్దని చెప్పడానికి ఇంతకన్నా మంచి కారణం లేదు.

3. ఆడిన రికార్డు

యూనివర్సిటీ తరఫునో కాలేజీ తరఫునో ఇంటర్ యూనివర్సిటీ, ఇంటర్ కాలేజియేట్ పోటీల్లో, లేదా రాష్ట్ర, జాతీయ చాంపియన్‌షిప్‌లలో ఆడిన రికార్డు తప్పనిసరి. గెలిచి ఉండాలని లేదు, ప్రాతినిధ్యం ఉంటే చాలు. ఆ ప్రాతినిధ్యాన్ని కాగితం మీద చూపించగలగాలి.

- సర్టిఫికెట్ మీద పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉందా
- టోర్నమెంట్ తేదీలు, వేదిక, ఆట పేరు రాసి ఉన్నాయా
- సంతకం, సీలు కనిపిస్తున్నాయా, లామినేషన్‌లో ఇంకు చెదిరిపోలేదా
- అదే కాలంలో ఆ కాలేజీలో చదివినట్టు స్టడీ సర్టిఫికెట్ ఉందా

సర్టిఫికెట్ పోతే ఆ ఏడాది జట్టు ఎంట్రీ కాపీ కోసం ఆ యూనివర్సిటీ స్పోర్ట్స్ విభాగానికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. ఫోన్లో అడిగితే "చూస్తాం" అంటారు, అక్కడితో అయిపోతుంది.

4. నెట్, సెట్, పీహెచ్‌డీ: ఏది ముందు

నియమం ప్రకారం నెట్ గానీ, సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) గానీ, యూజీసీ నిబంధనల ప్రకారం వచ్చిన పీహెచ్‌డీ గానీ ఏదో ఒకటి ఉండాలి. నా సలహా మాత్రం ఒకటే: నెట్ ముందు. ఎంపీఈడీ చివరి సంవత్సరంలోనే రాయవచ్చు, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు వయోపరిమితి లేదు. సెట్ కూడా వదలొద్దు, తెలంగాణలో ఉస్మానియా, ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్రా యూనివర్సిటీ నిర్వహిస్తాయి. రెంటిలోనూ ఫిజికల్ ఎడ్యుకేషన్ ఉంది. సెట్ అర్హత ఏ రాష్ట్రంలో రాస్తే ఆ రాష్ట్రానికే, నెట్ దేశమంతా చెల్లుతుంది.

నెట్‌లో ఫిజికల్ ఎడ్యుకేషన్ కోడ్ 47. మొదటి పేపర్ 50 ప్రశ్నలు 100 మార్కులు, రెండో పేపర్ 100 ప్రశ్నలు 200 మార్కులు, రెండూ కలిపి మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. మనవాళ్లు తప్పేది మొదటి పేపర్ దగ్గర. రీజనింగ్, డేటా ఇంటర్‌ప్రెటేషన్, టీచింగ్ ఆప్టిట్యూడ్ మనవి కావన్నట్టు వదిలేస్తారు, కానీ రెండో పేపర్ అందరికీ ఇంచుమించు ఒకేలా వస్తుంది, తేడా వచ్చేది మొదటి పేపర్‌లోనే. రోజుకో గంట మొదటి పేపర్‌కే కేటాయించండి. రెండో పేపర్‌లో ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ, బయోమెకానిక్స్, టెస్ట్స్ అండ్ మెజర్‌మెంట్, స్టాటిస్టిక్స్ మీద పట్టు ఉంటే మిగతావి వాటంతటవే వస్తాయి.

పీహెచ్‌డీ ఎలాగూ కావాలి, డిప్యూటీ పోస్టు నుంచి అది లేకుండా కుదరదు. 2022 పీహెచ్‌డీ రెగ్యులేషన్స్ ప్రకారం కనీసం మూడేళ్లు పడుతుంది, ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా చేయాలంటే మీ సంస్థ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి. టాపిక్ ఎంచుకునేటప్పుడు మీకు రోజూ అందుబాటులో ఉండే పిల్లల మీద కొలవగలిగేది తీసుకోండి. కబడ్డీ అమ్మాయిల కాళ్ల బలం, వాలీబాల్ ఆటగాళ్ల వర్టికల్ జంప్ లాంటివి. ఎక్కడో ల్యాబ్‌లో ఉన్న యంత్రం మీద ఆధారపడే టాపిక్ తీసుకుంటే ఆ యంత్రం కోసమే ఏళ్లు గడుస్తాయి.

5. ఫిట్‌నెస్ టెస్ట్

దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఎక్కువ. మగవాళ్లకు 12 నిమిషాల రన్ లేదా వాక్, ఆడవాళ్లకు 8 నిమిషాలు. వయసును బట్టి దాటాల్సిన దూరం:

- 30 ఏళ్ల లోపు: పురుషులు 1800 మీటర్లు, మహిళలు 1000 మీటర్లు
- 40 లోపు: 1500, 800
- 45 లోపు: 1200, 600
- 50 లోపు: 800, 400

400 మీటర్ల ట్రాక్ మీద 1800 అంటే నాలుగున్నర రౌండ్లు, ఒక్కో రౌండుకు 2 నిమిషాల 40 సెకన్లు. మహిళలకు 1000 అంటే రెండున్నర రౌండ్లు, రౌండుకు 3 నిమిషాల 12 సెకన్లు. నిన్నమొన్నటిదాకా ఆడినవాళ్లకు ఇదేం పెద్ద పని కాదు. ఏళ్లుగా ఆఫీసు, పీహెచ్‌డీ అంటూ కూర్చున్నవాళ్లే టెన్షన్‌లో మొదటి రౌండు 100 మీటర్ల పరుగులా కొట్టి మూడో రౌండుకు ఆగిపోతారు. నోటిఫికేషన్ పడగానే వారానికి నాలుగు రోజులు ట్రాక్ మీద ఒకే వేగంతో పరుగెత్తడం అలవాటు చేసుకోండి, వాచీ పెట్టుకుని ప్రతి రౌండు టైం చూసుకోండి. టెస్టుకు ముందు మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వాలి. దాన్ని మొక్కుబడిగా రాయించుకోవద్దు. 35 దాటినవాళ్లు బీపీ, ఈసీజీ నిజంగా చూపించుకున్నాకే పరుగు మొదలుపెట్టండి.

6. అప్లికేషన్, పాత సర్వీసు, ఇంటర్వ్యూ

ఆన్‌లైన్‌లో నింపాక హార్డ్‌కాపీ కూడా పంపమంటే గడువులోగా స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ప్రస్తుతం ఎక్కడైనా పనిచేస్తుంటే త్రూ ప్రాపర్ ఛానల్, అంటే మీ సంస్థ ద్వారా, పంపాలి, ప్రిన్సిపాల్ సంతకానికి వారం పడుతుందని ముందే లెక్కేసుకోండి.

గెస్ట్, కాంట్రాక్ట్ సర్వీసు గురించి జాగ్రత్త. యూజీసీ 2018 నిబంధనల్లో తాత్కాలిక సర్వీసును కలుపుకోవడానికి షరతులున్నాయి: అప్పటికే మీకు పూర్తి అర్హతలు ఉండాలి, సరైన సెలక్షన్ కమిటీ ద్వారా తీసుకుని ఉండాలి, మీకు ఇచ్చిన మొత్తం రెగ్యులర్ ఉద్యోగి నెల జీతానికి తగ్గకూడదు. గంటల లెక్కన డబ్బులిచ్చిన గెస్ట్ సర్వీసు ఈ మూడో షరతు దగ్గరే ఆగిపోతుంది. పదేళ్లు గ్రౌండ్‌లో ఎండలో నిలబడ్డవాళ్లకు ఇది చాలా బాధ కలిగించే విషయమే. అందుకే అప్లై చేసేముందే మీ సర్వీసులో ఏది లెక్కలోకి వస్తుందో తేల్చుకోండి, దాన్ని నమ్ముకుని చేతిలో ఉన్న ఇంకో అవకాశం వదులుకోవద్దు. ఇప్పుడు కొత్తగా కాంట్రాక్ట్‌లో చేరుతున్నవాళ్లు నియామక ఉత్తర్వు, సెలక్షన్ కమిటీ ప్రస్తావన, నెలవారీ జీతం స్లిప్పులు మొదటి నెల నుంచే ఫైల్ చేసుకోండి.

ఇంటర్వ్యూలో ఆటల చరిత్ర కంటే పని అడుగుతారు. ఉదాహరణకు: "ఇంటర్ కాలేజియేట్ నాకౌట్‌కు 11 జట్లు వచ్చాయి, డ్రా వేయండి." 2, 4, 8, 16 వరుసలో 11 దాటాక వచ్చేది 16, కాబట్టి బైలు, అంటే మొదటి రౌండు ఆడకుండా నేరుగా ముందుకెళ్లే జట్లు, 5. మొత్తం మ్యాచ్‌లు 10. పై సగంలో 6 జట్లు, కింది సగంలో 5. మొదటి బై కింది సగంలో చివరి జట్టుకు, రెండోది పై సగంలో మొదటి జట్టుకు, మూడోది కింది సగంలో మొదటిదానికి, నాలుగోది పై సగంలో చివరిదానికి, ఐదోది కింది సగంలో చివరి నుంచి రెండోదానికి. తెల్లకాగితం మీద రెండు నిమిషాల్లో గీయగలిగేదాకా ఇంట్లో సాధన చేయండి.

7. చేరాక మొదటి ఏడాది: క్యాలెండర్ వెనక నుంచి వేయండి

కొత్తవాళ్లు జూన్ నుంచి ముందుకు వెళ్తారు. అలా కాకుండా ఏఐయూ, అంటే భారత విశ్వవిద్యాలయాల సంఘం, ఇచ్చే క్యాలెండర్‌లో సౌత్ జోన్ (దక్షిణాది యూనివర్సిటీల) పోటీల తేదీ పట్టుకుని వెనక్కి రండి. జోన్‌కు ముందు ప్రయాణం, దానికి ముందు కోచింగ్ క్యాంపు, దానికి ముందు సెలక్షన్స్, దానికి ముందు ఇంటర్ కాలేజియేట్. ఎంట్రీలు పంపే గడువు ఈ వరుసలో ఎక్కడ పడుతుందో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోండి. టీమ్ గేమ్స్‌లో జోన్ నుంచి మొదటి నాలుగు జట్లు ఆలిండియాకు వెళ్తాయి కాబట్టి ఆ తేదీల్లో సెమిస్టర్ పరీక్షలు పడితే ఏం చేయాలో పరీక్షల కంట్రోలర్‌తో ముందే మాట్లాడి రాతపూర్వకంగా తీసుకోవాలి. పరీక్ష పోతుందన్న భయంతో మంచి ఆటగాళ్లు క్యాంపు మధ్యలో ఇంటికి వెళ్లిపోతారు, ఇది ఏటా జరిగేదే.

రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. జట్టు ఖరారయ్యేదాకా ఆగితే అమ్మాయిల జట్టు జనరల్ బోగీలో వెళ్లాల్సి వస్తుంది. అలాంటి ప్రయాణం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. అమ్మాయిల జట్టుతో లేడీ మేనేజర్ తప్పనిసరి, ఆమె పేరు ఉత్తర్వులో ఉండాలి.

8. ఎలిజిబిలిటీ ఫారాలు: ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని

2025 జూలైలో జర్మనీలో రైన్-రూర్ వరల్డ్ యూనివర్సిటీ గేమ్స్‌కు మన దేశం నుంచి 12 మంది బ్యాడ్మింటన్ ఆటగాళ్లు వెళ్లారు. అధికారులు పేర్లు సరిగ్గా ఇవ్వకపోవడంతో అందులో ఆరుగురికి కోర్టులో దిగే అవకాశమే రాలేదు. మిగతావాళ్లు ఆడి మిక్స్‌డ్ టీమ్ కాంస్యం తెచ్చారు. అంత దూరం వెళ్లి, కిట్ బ్యాగు పక్కన పెట్టుకుని గ్యాలరీలో కూర్చున్న ఆ ఆరుగురి గురించి ఆలోచించండి. అంతర్జాతీయ స్థాయిలోనే ఇలా జరిగితే మన జిల్లా కాలేజీల నుంచి వచ్చిన కాగితాలు ఎంత జాగ్రత్తగా చూడాలో వేరే చెప్పక్కర్లేదు.

ఇంటర్ యూనివర్సిటీ పోటీలకు విద్యార్థి రెగ్యులర్‌గా చదువుతుండాలి, వయసు 17కు తగ్గకుండా, 25 దాటకుండా ఉండాలి, ఇంటర్ పాసై ఎన్నేళ్లయిందో కూడా చూస్తారు. కచ్చితమైన కటాఫ్ తేదీలు ఆ ఏడాది ఏఐయూ హ్యాండ్‌బుక్‌లో చూసి ప్రింట్ తీసి గోడకు అంటించండి.

ప్రతి ఆటగాడికీ చూడాల్సినవి:

- పదో తరగతి మెమో: పుట్టిన తేదీ, పేరు అక్షరం అక్షరం
- ఇంటర్ మెమో: పాసైన నెల, సంవత్సరం
- ప్రస్తుత కోర్సు అడ్మిషన్ తేదీ, ఫీజు రసీదు, ఐడీ కార్డు
- గతంలో ఏ యూనివర్సిటీ తరఫున ఏ ఏడాది ఆడారు
- ఫొటో మీద ప్రిన్సిపాల్ సంతకం, సీలు
- ఫారం మీద మీ సంతకం, రిజిస్ట్రార్ సంతకం

మన తెలుగు పిల్లల కాగితాల్లో ఎక్కువగా వచ్చే తంటా ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో చివర ఉంటుంది, కాలేజీ ఐడీలో ఒక్క అక్షరమే ఉంటుంది. పోటీ జరిగే చోట తెలుగు పేర్ల తీరు తెలియని ఎలిజిబిలిటీ కమిటీ ముందు ఈ మూడూ ముగ్గురు మనుషుల్లా కనిపిస్తాయి. ఫారంలో పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయండి, ఐడీ కార్డు తేడాగా ఉంటే జూలైలోనే కాలేజీ చేత మార్పించండి. ఒరిజినల్స్ మేనేజర్ బ్యాగులో, ఒక సెట్ జిరాక్సులు కోచ్ దగ్గర, స్కాన్లు మీ ఫోన్లో ఉండాలి.

ఇంకో మాట. సెంట్రల్ గవర్నమెంట్ స్పోర్ట్స్ కోటాకు ఇంటర్ యూనివర్సిటీ ఆటగాళ్లు పెట్టే ఫారం 3 మీద సంతకం చేసేది యూనివర్సిటీ క్రీడల అధిపతే. పదేళ్ల తర్వాత వచ్చి అడిగినా రిజిస్టర్ తీసి చూసి సంతకం పెట్టగలగాలి. ఏ ఏడాది ఏ జట్టులో ఎవరు, ఏ స్థానం వచ్చింది అన్నది పేజీ నంబర్లున్న రిజిస్టర్‌లో రాసి పెట్టండి. రిజిస్టర్‌లో లేని పేరుకు మాత్రం ఎవరు చెప్పినా సంతకం పెట్టొద్దు. అది ఇంకో నిజమైన ఆటగాడి ఉద్యోగాన్ని తీసేయడమే అవుతుంది.

9. సెలక్షన్స్, గ్రౌండు, బిల్లులు

సెలక్షన్స్ రోజు ఫోన్లు వస్తాయి. మా వాడిని చూడండి సార్ అని. దీనికి మందు స్కోర్‌షీట్. ముగ్గురు సెలక్టర్లు, వాళ్లలో ఒకరు బయటి యూనివర్సిటీ నుంచి, ఎవరి మార్కులు వాళ్లు వేసి అక్కడికక్కడే సంతకం చేసిన షీట్లు, సాయంత్రానికి నోటీసు బోర్డు మీద జాబితా. ఆలస్యం చేసిన కొద్దీ ఫోన్లు పెరుగుతాయి. స్టాండ్‌బై ఆటగాళ్లను కూడా క్యాంపుకు పిలవండి, వాళ్ల ఎలిజిబిలిటీ కాగితాలు కూడా సిద్ధంగా ఉంచండి, జలుబుకు వేసుకునే మాత్రలో కూడా నిషిద్ధ పదార్థం ఉండవచ్చని క్యాంపు మొదటి రోజే చెప్పండి.

గ్రౌండ్ మార్కింగ్ మార్కర్ల (గీతలు వేసే సిబ్బంది) మీద వదిలేయకుండా మీరే ఒకసారి కొలవండి. వాలీబాల్ కోర్టు తీసుకుందాం, 18 బై 9 మీటర్లు. ముందు పొడవు గీత ఒకటి స్టీల్ టేపుతో వేసి రెండు చివర్లా మేకులు దిగగొట్టండి. గుడ్డ టేపు లాగితే సాగుతుంది, వాడొద్దు. ఆ రెండు మేకుల నుంచి 9 మీటర్లు పక్కకు కొలిచి మిగతా రెండు మూలలు పెట్టండి. ఇప్పుడు ఎదురెదురు మూలల మధ్య కొలవండి: రెండు కర్ణాలూ 20.12 మీటర్లు రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే కోర్టు పక్కకు ఒరిగిందన్నమాట, తాడు బిగించి మూలలు జరిపి మళ్లీ చూడండి. గీత వెడల్పు 5 సెంటీమీటర్లు, అది కోర్టు కొలతలోనే కలిసి ఉంటుంది, బయటకు వేయకూడదు. సున్నం ఆ తర్వాతే. నెట్ ఎత్తు మధ్యలో కొలిచి పురుషులకు 2.43, మహిళలకు 2.24 మీటర్లు పెట్టండి. ఈ పని మ్యాచ్ రోజు ఉదయం కాదు, ముందు రోజు సాయంత్రమే అయిపోవాలి.

బిల్లుల విషయంలో ఒకే సూత్రం: పాత అడ్వాన్స్ సెటిల్ కాకుండా కొత్త టోర్నమెంటుకు డబ్బు రాదు. జట్టు తిరిగొచ్చిన వారంలో టికెట్లు, టీఏ డీఏ తీసుకున్న విద్యార్థుల సంతకాలు, బస బిల్లు కలిపి ఫైనాన్స్ సెక్షన్‌కు పెట్టండి. ట్రాక్‌సూట్లు, బంతులు కొనడానికి మీ యూనివర్సిటీ కొనుగోలు నిబంధనల ప్రకారం కొటేషన్లా, టెండరా, ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టలా అన్నది జూన్‌లోనే కనుక్కోండి, సెప్టెంబర్‌లో తొందరపడితే పిల్లలు పాత జెర్సీలతోనే వెళ్తారు. వచ్చిన సామాను స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించాకే పంచండి.

10. డిప్యూటీ, డైరెక్టర్ పోస్టులకు రుజువులు మొదటి రోజు నుంచే

డిప్యూటీ డైరెక్టర్‌కు పీహెచ్‌డీ, అసిస్టెంట్ డైరెక్టర్‌గానో కాలేజీ పీడీగానో 8 ఏళ్ల అనుభవం, మళ్లీ ఫిట్‌నెస్ టెస్ట్. డైరెక్టర్‌కు పీహెచ్‌డీ, 10 ఏళ్ల అనుభవం. ఫిజికల్ ఎడ్యుకేషన్ విభాగంలో అసిస్టెంట్ లేదా అసోసియేట్ ప్రొఫెసర్‌గా 10 ఏళ్లు బోధించినవాళ్లు కూడా అర్హులే. రెండింటికీ పోటీలు నిర్వహించినట్టు, కనీసం రెండు వారాల కోచింగ్ క్యాంపులు పెట్టినట్టు, జట్లను మంచి ప్రదర్శనకు సిద్ధం చేసినట్టు రుజువులు కావాలి.

ఆ "రెండు వారాలు" అన్న మాట గుర్తుపెట్టుకోండి. బడ్జెట్ లేదని చాలా చోట్ల క్యాంపులు పది రోజుల్లో ముగించేస్తారు. పదిసార్లు పది రోజుల క్యాంపు పెట్టినా స్క్రూటినీలో ప్రశ్న వస్తుంది. ఏడాదిలో కనీసం ఒక ఆటకైనా 14 రోజులకు తగ్గకుండా క్యాంపు మంజూరు చేయించుకోండి, ఉత్తర్వులో మొదలు, ముగింపు తేదీలు స్పష్టంగా రాయించండి.

మధ్యలో లెవెల్ 10 నుంచి 11కు ప్రమోషన్‌కు కూడా ఇవే కాగితాలు అడుగుతారు. పీహెచ్‌డీ ఉంటే నాలుగేళ్లకు, ఎంఫిల్ ఉంటే ఐదేళ్లకు, రెండూ లేకపోతే ఆరేళ్లకు ఆ అవకాశం వస్తుంది.

ఏటా ఏప్రిల్‌లో ఒక రోజు కూర్చుని ఆ ఏడాది ఫైల్ ఇలా కట్టండి:

- టోర్నమెంట్ నిర్వహణ ఉత్తర్వు, కమిటీ జాబితా, ఫలితాల షీట్లు
- క్యాంపు మంజూరు ఉత్తర్వు, రోజువారీ హాజరు, కోచింగ్ షెడ్యూల్
- జోన్, ఆలిండియా, ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌లో మన జట్ల స్థానాలు, సర్టిఫికెట్ల కాపీలు
- కోచ్‌గా, మేనేజర్‌గా, సెలక్టర్‌గా బయట పిలిచిన లేఖలు
- గ్రౌండు, జిమ్, ట్రాక్ బాగు చేయించిన పనుల మంజూరు పత్రాలు
- వర్క్‌షాప్‌లు, ప్రచురించిన పరిశోధన పత్రాలు
- మీ హాజరు, సెలవుల వివరం మీద రిజిస్ట్రార్ ధృవీకరణ

ప్రతి కాగితం మీద ఉత్తర్వు నంబరు, తేదీ ఉండాలి. పత్రికల్లో వచ్చిన ఫొటోలు అదనంగా పెట్టుకోవచ్చు గానీ వాటిని రుజువుగా ఎవరూ తీసుకోరు. రెండు సెట్లు చేసి ఒకటి ఆఫీసులో, ఒకటి ఇంట్లో ఉంచండి. బదిలీ అయినా, వర్షానికి ఆఫీసు బీరువా తడిసినా రెండో సెట్ ఉంటుంది.